పేరెంట్ మారినా ప్లేయర్ ఆగకూడదు

పోటీ పరీక్షలకు చదువుకునే పిల్లల కోసం వీడియో క్లాసులు నడిపే ఒక వెబ్ యాప్‌లో ఫ్రంట్ ఎండ్ పని నాది. క్లాసు పేజీలో పైన వీడియో, దాని కింద నోట్స్, డౌట్స్, టెస్ట్ అని మూడు ట్యాబ్‌లు. ప్రోడక్ట్ వాళ్ళు అడిగింది వినడానికి చిన్న పనే. నోట్స్ తెరవగానే వీడియో చిన్నదై కింద కుడి మూలకు చేరాలి, క్లాసు మాత్రం ఎక్కడా ఆగకూడదు. పిల్లలు రోజూ చూసే వీడియో యాప్‌లన్నింటిలో ఉన్నదే కదా, మన దగ్గర ఎందుకు లేదన్నారు. డిజైన్ ఫైల్లో రెండు బొమ్మలున్నాయి. ఒకదాంట్లో ప్లేయర్ ‘స్టేజ్’ అనే డబ్బాలో ఉంది, రెండోదాంట్లో ‘డాక్’ అనే డబ్బాలో ఉంది.

మాది రియాక్ట్, వెబ్ పేజీని కాంపొనెంట్లనే ముక్కలుగా కట్టే లైబ్రరీ. బొమ్మలు ఎలా ఉన్నాయో కోడ్ కూడా అలాగే వచ్చింది: నోట్స్ తెరిచి ఉంటే డాక్ లోపల ప్లేయర్, లేకపోతే స్టేజ్ లోపల ప్లేయర్. ఒక కండిషన్, రెండు కొమ్మలు. టెస్టింగ్‌కి పంపిన కాసేపటికే ఫోన్ వచ్చింది. “అన్నా, నోట్స్ నొక్కిన ప్రతిసారీ సార్ మళ్ళీ మొదట్నుంచి నమస్కారం పెడుతున్నారు” అంది టెస్టర్ అమ్మాయి.

ఏం జరుగుతోందో కళ్ళతో చూడాలని ప్లేయర్ కాంపొనెంట్ లోపల యూజ్‌స్టేట్‌తో ఒక ర్యాండమ్ నంబర్ పుట్టించి, వీడియో మూలన ఎర్ర అక్షరాల్లో కనిపించేలా పెట్టాను. స్టేట్ అంటే కాంపొనెంట్ గుర్తుపెట్టుకునే విలువ కాబట్టి, ఆ కాంపొనెంట్ బతికున్నంత కాలం నంబర్ మారకూడదు. నోట్స్ నొక్కితే 4182 పోయి 9037 వచ్చింది. నోట్స్ మూస్తే 2256. అంటే వీడియో జరగడం లేదు. పాతది చచ్చి, ఇంకోచోట కొత్తది పుడుతోంది. కన్సోల్‌లో లాగ్‌లు పెట్టి కూడా ఇది పట్టుకోవచ్చు గానీ, డెవలప్‌మెంట్‌లో స్ట్రిక్ట్ మోడ్ అనే పరీక్ష ఏర్పాటు ఎఫెక్ట్‌లను (కాంపొనెంట్ తెర మీదికి వచ్చాక నడిచే కోడ్‌ను) కావాలనే రెండోసారి నడుపుతుంది, ఏది అసలు మౌంటో (పుట్టుకో) ఏది పరీక్షో తేల్చుకోలేక చిరాకు పుడుతుంది. నంబర్‌తో ఆ గొడవ లేదు.

రియాక్ట్ ఇలా చేయడానికి కారణం ఉంది. పేజీలో ఏది దేని లోపలుందో అది ఒక చెట్టులా రాసుకుంటుంది, స్టేట్ మారిన ప్రతిసారీ పాత చెట్టునూ కొత్త చెట్టునూ పోల్చి చూసుకుంటుంది. రెండు చెట్ల మధ్య అతి తక్కువ మార్పులు ఏవో కచ్చితంగా లెక్కకట్టే మామూలు అల్గారిథమ్‌లకు ఎన్ క్యూబ్ (ఎలిమెంట్ల సంఖ్యను మూడుసార్లు గుణించినంత) ఖర్చవుతుంది. వెయ్యి ఎలిమెంట్లుంటే వంద కోట్ల పోలికలన్నమాట. బటన్ నొక్కినప్పుడల్లా అంత లెక్క ఏ ఫోనూ చేయలేదు. అందుకని రియాక్ట్ ఒక అడ్డదారి పట్టింది. ఒక పేరెంట్ (లోపల వేరేవి పెట్టుకున్న ఎలిమెంట్) కింద ఇంతకుముందున్న పిల్లల్నీ ఇప్పుడున్న పిల్లల్నీ మాత్రమే పోలుస్తుంది. టైపు, కీ (మనం ఇచ్చే గుర్తు) రెండూ కలిస్తే పాతదే ఉంచుతుంది, కలవకపోతే తీసేసి కొత్తది కడుతుంది. ఈ పేరెంట్ దగ్గర కనిపించకుండా పోయినది పక్క పేరెంట్ దగ్గర తేలిందేమో అని చెట్టంతా వెతకదు.

టీమ్‌లో అందరికీ మొదట తట్టేది కీ. రెండుచోట్లా ఒకే కీ ఇస్తే గుర్తుపడుతుంది కదా అన్నారు. ఇచ్చి చూపించాను, నంబర్ మళ్ళీ మారింది. కీ చెల్లేది తోబుట్టువుల మధ్యే. జాబితాలో మూడో వరసలో ఉన్నది మొదటి వరసకు వస్తే పనికొస్తుంది, పేరెంట్ దాటితే దానికి విలువ లేదు.

సరే, స్టేట్‌ను పైకి ఎత్తి పెడదాం అనుకున్నాం. వీడియో ఏ సెకను దగ్గరుందో పై కాంపొనెంట్‌లో దాచి, కొత్త ప్లేయర్ పుట్టగానే అక్కడికి జరపడం. ఆఫీసు వైఫైలో బాగానే కనిపించింది. మా క్లాసులు ఎక్కువగా చూసేవాళ్ళు ఊళ్ళలో, హాస్టళ్ళలో, మొబైల్ డేటా మీద, చవక ఫోన్లలో చూస్తారు. అలాంటి ఫోన్ ఒకటి తెచ్చి, నెట్ వేగం తగ్గించి చూస్తే నల్ల తెర, తిరిగే చక్రం, ఆ తర్వాత బొమ్మ. పైగా వీడియో వచ్చేది వేరే డొమైన్ నుంచి ఐఫ్రేమ్‌లో, అంటే మా పేజీ లోపల ఇంకో పేజీగా. కొత్త ఐఫ్రేమ్ శబ్దంతో దానంతటదే మొదలవ్వాలంటే బ్రౌజర్ ఆటోప్లే నియమాలు అడ్డొస్తాయి. ఒక్కోసారి మ్యూట్‌లో మొదలయ్యేది, ఒక్కోసారి నొక్కేదాకా కదిలేది కాదు.

సెకను ఒక్కటీ దాస్తే సరిపోదని కూడా అప్పుడే తెలిసొచ్చింది. మా పిల్లల్లో చాలామంది 1.5 స్పీడ్‌లో చూస్తారు. స్పీడ్ పోయింది. వీడియో క్వాలిటీ తగ్గించి పెట్టుకున్నవాళ్ళకు అదీ పోయింది. మన కాంపొనెంట్‌లో ఉన్న స్టేట్ ఎంతయినా పైకి ఎత్తవచ్చు, వేరేవాళ్ళ ఐఫ్రేమ్ లోపలున్నది మన చేతికి రాదు. వాళ్ళ ఏపీఐ (బయటి కోడ్‌కి వాళ్ళు తెరిచిన తలుపు) ఏం బయటికిస్తే అంతే.

తర్వాత చూసింది పోర్టల్. 2017లో రియాక్ట్ 16తో వచ్చిన క్రియేట్‌పోర్టల్ గురించి తెలియనివాళ్ళు తక్కువ. కాంపొనెంట్ రియాక్ట్ చెట్టులో ఒకచోట ఉంటుంది, దాని డామ్ (బ్రౌజర్ దగ్గరుండే అసలు ఎలిమెంట్ల చెట్టు) ఇంకోచోట కనబడుతుంది. పేజీ మీద తేలే మోడల్ బాక్సులన్నీ మేం అలాగే కడతాం. ప్లేయర్‌ను ఎప్పుడూ ఒకేచోట రెండర్ చేసి, పోర్టల్ గమ్యాన్ని స్టేజ్ నుంచి డాక్‌కి మారిస్తే చాలుగా? చాలదు. పోర్టల్‌కి ఇచ్చే కంటెయినర్, అంటే ఆ గమ్యం, మారితే రియాక్ట్ దాన్ని వేరే పోర్టల్‌గానే లెక్కేసుకుని పాతదాన్ని కూల్చేస్తుంది. నంబర్ మారింది.

దీనికి ఒక మెలిక ఉంది, రివర్స్ పోర్టల్ అంటారు, ఆ పేరుతో లైబ్రరీ కూడా దొరుకుతుంది. డాక్యుమెంట్‌లో (బ్రౌజర్ తెరిచిన పేజీలో) ఎక్కడా తగిలించని ఖాళీ డివ్ (డబ్బాలాంటి ఎలిమెంట్) ఒకటి మనమే పుట్టించుకుంటాం. పోర్టల్ గమ్యం ఎప్పటికీ ఆ డివ్వే. ప్లేయర్‌ను స్టేజ్‌లో చూపించాలంటే ఆ డివ్‌ను అపెండ్‌చైల్డ్ అనే డామ్ మెథడ్‌తో స్టేజ్‌లోకి, డాక్‌లో చూపించాలంటే డాక్‌లోకి మనమే మోసుకెళ్తాం. కంటెయినర్ మారలేదు కాబట్టి రియాక్ట్‌కి ఈ కదలికే తెలియదు. పెట్టి చూశాను: నోట్స్ నొక్కాను, 7310. మూశాను, 7310. మళ్ళీ నొక్కాను, 7310.

ఎర్ర నంబర్ కదల్లేదు గానీ వీడియో మాత్రం సున్నా దగ్గరికి వచ్చి కూర్చుంది.

ఇక్కడ రియాక్ట్‌ను అనడానికేమీ లేదు, ఇది బ్రౌజర్ సంగతి. అప్పటికే ఒక పేరెంట్ ఉన్న నోడ్‌ను (ఎలిమెంట్‌ను) అపెండ్‌చైల్డ్‌కి ఇస్తే, డామ్ ముందు దాన్ని పాత చోటు నుంచి తీసేసి, ఆ తర్వాత కొత్త చోట పెడుతుంది. మనకు ఒక్క వరస కోడ్ అయినా లోపల జరిగేవి రెండు పనులు. ఐఫ్రేమ్ డాక్యుమెంట్‌లోంచి తీసేయగానే దాని లోపలి పేజీ మొత్తం పోతుంది, మళ్ళీ పెట్టగానే మొదట్నుంచి లోడవుతుంది. మధ్యలో ఒక్క మిల్లీ సెకను కూడా లేకపోయినా అంతే.

చిత్రంగా, మామూలు వీడియో ట్యాగ్ ఇలా చేయదు. ఖాళీ పేజీలో రెండు డివ్‌లు, ఒక వీడియో ట్యాగ్, ఒక ఐఫ్రేమ్ పెట్టి కన్సోల్ నుంచి చేత్తో అటూ ఇటూ మార్చి చూశాను. వీడియో ట్యాగ్ ఏమీ ఎరగనట్టు పాడుకుంటూ పోయింది. డాక్యుమెంట్‌లోంచి తీసిన వెంటనే దాన్ని ఆపేయకుండా, నడుస్తున్న స్క్రిప్టు పూర్తయ్యేదాకా ఆగి, అప్పటికీ బయటే ఉంటేనే పాజ్ చేయాలని హెచ్‌టీఎమ్‌ఎల్ స్పెసిఫికేషన్‌లో ఉంది. బొమ్మలు గీసే క్యాన్వాస్ ట్యాగ్ కూడా అంతే, గీసిన గీతలు ఎలిమెంట్‌తోపాటే వస్తాయి. ఐఫ్రేమ్‌కే ఆ వెసులుబాటు లేదు. మన క్లాసులు సొంత సర్వర్ మీద మామూలు వీడియో ఫైళ్ళుగా ఉండి ఉంటే పని ఇక్కడితో అయిపోయేది.

ఆ వారమే, మొబైల్ యాప్‌లు కట్టే ఫ్లట్టర్‌లో పనిచేసే స్నేహితుడితో టీ దగ్గర ఈ గోడు వెళ్ళబోసుకున్నాను. “మామా, మా దగ్గర గ్లోబల్‌కీ ఉందిరా, దానికే పుట్టింది” అన్నాడు. ఇంటికెళ్ళి చదివితే నిజంగానే ముచ్చటేసింది. ఫ్లట్టర్‌లో ఒక విడ్జెట్ (తెర మీది ముక్క) చెట్టులోంచి తొలగితే దాని ఎలిమెంట్‌ను అప్పుడే పారేయరు. డీయాక్టివేట్ చేసి, ఆ ఫ్రేమ్ ముగిసేదాకా పక్కన ఉంచుతారు. ఆ లోపు అదే గ్లోబల్‌కీ చెట్టులో ఇంకెక్కడైనా కనబడితే, పాత స్టేట్‌తో సహా దాన్ని అక్కడికి తీసుకెళ్తారు. కనబడకపోతే అప్పుడు డిస్పోజ్, అంటే పారేయడమే. బడి మారే పిల్లాడికి టీసీ ఇచ్చినట్టన్నమాట, కొత్త బళ్ళో మళ్ళీ ఒకటో తరగతి నుంచి మొదలెట్టక్కర్లేదు. ఇది ఊరికే రాదు. కదిలిన కొమ్మలో ఉన్న ప్రతి స్టేట్‌కీ డీయాక్టివేట్ కబురు వెళ్తుంది, ఇన్‌హెరిటెడ్ విడ్జెట్ల (కిందివాటికి విలువలు అందించేవాటి) మీద ఆధారపడ్డవన్నీ మళ్ళీ బిల్డ్ అవ్వాలి. అందుకే అవసరమైనచోటే వాడమని వాళ్ళ డాక్యుమెంటేషనే చెబుతుంది.

ఆ ఊపులో మిగతా ఊళ్ళ సంగతీ చూశాను. ఆండ్రాయిడ్ యాప్‌ల తెరలు కట్టే జెట్‌ప్యాక్ కంపోజ్‌లో మూవబుల్‌కంటెంట్‌ఆఫ్ అని ఇదే పనికి ఒక ఫంక్షన్ ఉంది. కంప్యూటర్ ప్రోగ్రాముల తెరలు కట్టే క్యూటీలో విడ్జెట్‌కి పేరెంట్ మారిస్తే అది కనిపించకుండా పోతుంది, మళ్ళీ షో అని పిలవాలి. పాత ఆండ్రాయిడ్ వ్యూలు రాసినవాళ్ళకైతే చెప్పనక్కర్లేదు. ఒక వ్యూను రెండో పేరెంట్‌కి ఇవ్వబోతే, దీనికి ఇప్పటికే పేరెంట్ ఉంది, ముందు అక్కణ్ణుంచి తీసి రా అని ఎక్సెప్షన్ వేసి యాప్ పడేసేది. నాకు ఆ మొరటుతనమే నచ్చుతుంది. వెబ్ లాగా నోరెత్తకుండా తీసేసి పెట్టడం కంటే అదే నయం.

వెబ్‌కి కూడా ఇప్పుడు టీసీ వచ్చింది. 2025 ఫిబ్రవరిలో క్రోమ్ 133తో మూవ్‌బిఫోర్ అనే కొత్త డామ్ మెథడ్ విడుదలైంది. వాడే తీరు పాత ఇన్సర్ట్‌బిఫోర్ మెథడ్ లాంటిదే, రెండో ఆర్గ్యుమెంట్ మాత్రం తప్పనిసరి, చివర్లో పెట్టాలంటే నల్ ఇవ్వాలి. ఇది తీసి పెట్టదు, నిజంగా జరుపుతుంది. ఐఫ్రేమ్ రీలోడ్ అవదు, ఫోకస్ పోదు, సగంలో ఉన్న యానిమేషన్ మొదటికి రాదు. రివర్స్ పోర్టల్‌లో అపెండ్‌చైల్డ్ ఉన్నచోట దీన్ని పెట్టి నడిపితే ఎర్రటి ఎక్సెప్షన్ వచ్చింది.

దీనికొక షరతు ఉంది. కదిలే నోడూ, వెళ్ళే చోటూ రెండూ ఆ క్షణానికి ఒకే డాక్యుమెంట్‌లో తగిలి ఉండాలి. మా డివ్ మొదటిసారి గాల్లో ఉంటుంది కాబట్టి తొలిసారికి ఇన్సర్ట్‌బిఫోర్, ఆ తర్వాత నుంచి మూవ్‌బిఫోర్ అని విడదీశాను. అయినా నోట్స్ నొక్కితే మళ్ళీ అదే ఎక్సెప్షన్. ఇది పట్టుకోవడానికి రియాక్ట్ కమిట్‌లో (తేలిన మార్పులను డామ్‌కి ఎక్కించే దశలో) ఏది ముందు ఏది వెనక అన్నది చూసుకోవాల్సి వచ్చింది. స్టేజ్ పోవడం, డాక్ రావడం ఒకే కమిట్‌లో జరుగుతాయి. అందులో ముందు పోవాల్సినవి పోతాయి. స్టేజ్‌ను డామ్‌లోంచి పీకేటప్పుడు దాని లోపలున్న మా డివ్ కూడా దాంతోపాటే బయటపడుతుంది. ఆ తర్వాత డాక్ లేఔట్ ఎఫెక్ట్ (డామ్ మారగానే, తెర మీద బొమ్మ పడకముందే నడిచే కోడ్) నడిచి డివ్‌ను రమ్మంటుంది. అప్పటికే అది డాక్యుమెంట్‌లో లేదు, ఐఫ్రేమ్ ఎప్పుడో పోయింది.

బాడీ చివర ఎప్పుడూ ఉండే ఒక ఖాళీ డివ్ పెట్టాను, పేరు పార్కింగ్. లేఔట్ ఎఫెక్ట్ క్లీనప్ (పోయేటప్పుడు సర్దుకునే కోడ్) అనేది ఆ కాంపొనెంట్ డామ్‌లోంచి పోయే ముందే నడుస్తుంది. కాబట్టి స్టేజ్ పోతూ పోతూ తన క్లీనప్‌లో ప్లేయర్ డివ్‌ను మూవ్‌బిఫోర్‌తో పార్కింగ్‌లోకి జరుపుతుంది. డాక్ వచ్చాక తన లేఔట్ ఎఫెక్ట్‌లో పార్కింగ్ నుంచి తనలోకి జరుపుకుంటుంది. రెండు కదలికలూ తెర మీద బొమ్మ పడేలోపే అయిపోతాయి, కంటికి ఏమీ తెలియదు. ఇక్కడ మామూలు యూజ్‌ఎఫెక్ట్ వాడితే పనికిరాదు, దాని క్లీనప్ వచ్చేసరికి డామ్ అప్పటికే మారిపోయి ఉంటుంది. క్రోమ్‌లో నోట్స్ నొక్కాను. సార్ మాట మధ్యలో కూడా తెగలేదు.

టెస్టర్ అమ్మాయి ఆ సాయంత్రమే రెండు కొత్త బగ్‌లు రాసింది. మొదటిది: చిన్న ప్లేయర్ మీద ఇంటూ నొక్కితే ప్లేయర్ మూసుకుపోయి, వెంటనే కోర్సు వివరాల పేజీ తెరుచుకుంటోంది. పోర్టల్‌లో ఈవెంట్‌లు డామ్ చెట్టు వెంట కాకుండా రియాక్ట్ చెట్టు వెంట పైకి పాకుతాయి. ప్లేయర్ రియాక్ట్ దృష్టిలో ఇంకా కోర్సు కార్డు లోపలే ఉంది, ఆ కార్డుకి, నొక్కితే వివరాల పేజీ తెరిచే ఆన్‌క్లిక్ ఉంది. రెండోది ఇంకా వింత. డాక్ నల్లటి రంగు. ప్లేయర్ కింద క్లాసు పేరు తెల్లగా వచ్చింది, పక్కనున్న ఐకన్లు మాత్రం నల్లటి మీద నల్లగా ఉండి కనబడటం లేదు. అక్షరాల రంగు సీఎస్‌ఎస్ (పేజీ రంగులూ అమరికా చెప్పే భాష) వేరియబుల్ నుంచి వస్తుంది, అది డామ్ పేరెంట్ మాట వింటుంది. ఐకన్ రంగు థీమ్ కాంటెక్స్ట్ (రియాక్ట్‌లో పైనుంచి కిందికి విలువలు అందే దారి) నుంచి వస్తుంది, అది రియాక్ట్ పేరెంట్ మాట వింటుంది. ప్లేయర్‌ను రూట్ లేఔట్‌లోకి (అన్ని పేజీలనూ చుట్టి ఉండే పై కాంపొనెంట్‌లోకి) ఎత్తి, ఐకన్లను కూడా సీఎస్‌ఎస్ వేరియబుల్ మీదికి మార్చాక రెండూ సర్దుకున్నాయి.

అసలు చిక్కు బ్రౌజర్లతో వచ్చింది. అప్పటికి మూవ్‌బిఫోర్ ఉన్నది క్రోమ్, ఎడ్జ్ జాతిలోనే. సఫారీలో లేదు. ఐఫోన్‌లో క్రోమ్ అని పేరున్నా లోపల సఫారీ ఇంజనే కాబట్టి అక్కడా లేదు. ఐఫోన్ వాడేవాళ్ళు మా దగ్గర తక్కువే, కానీ ఫీజు అందరూ ఒకటే కడతారు కదా.

అప్పుడు మా లీడ్ మేడమ్ డిజైన్ ఫైల్ తెరిచి ఒక ప్రశ్న వేశారు. “కనిపించే చోటు మారాలి, సరే. పేరెంట్ ఎందుకు మారాలి?” ఆ ఫైల్లో స్టేజ్, డాక్ రెండు వేరు డబ్బాలుగా ఉన్నది బొమ్మ గీసినవాళ్ళ సౌకర్యం కోసం. చివరికి విడుదల చేసింది ఇదీ: ప్లేయర్ రూట్ లేఔట్‌లో ఒక్కచోటే ఉంటుంది, ఎక్కడికీ పోదు. క్లాసు పేజీలో స్టేజ్ ఉండాల్సినచోట ఖాళీ చట్రం ఒకటి ఉంటుంది. ఆ చట్రం ఎక్కడుందో, ఎంత పెద్దదో కొలిచి ప్లేయర్‌ను సరిగ్గా దాని మీద కూర్చోబెడతాం. నోట్స్ తెరిస్తే ప్లేయర్‌కి తగిలించిన సీఎస్‌ఎస్ క్లాస్ పేరు ఒకటి మారుతుంది, అంతే, సీఎస్‌ఎస్ దాన్ని మూలకు పంపుతుంది. టెస్ట్ పేజీకి వెళ్ళినా రూట్ లేఔట్ అలాగే ఉంటుంది కాబట్టి క్లాసు నడుస్తూనే ఉంటుంది.

ఇదేమీ సుఖమైన దారని చెప్పను. పొజిషన్ ఫిక్స్‌డ్ (తెరకే అతుక్కునేలా) పెడితే స్క్రోల్ చేసేటప్పుడు ప్లేయర్ చట్రం వెనకాల ఒక అడుగు ఆలస్యంగా పరుగెత్తేది. స్క్రోలయ్యే డబ్బా లోపలే ఆబ్సల్యూట్‌గా (డబ్బాతోపాటే కదిలేలా) పెట్టి, డాక్‌లో ఉన్నప్పుడు మాత్రం ఫిక్స్‌డ్ చేశాక కుదిరింది. పై ఎలిమెంట్ దేనికైనా ట్రాన్స్‌ఫార్మ్ (జరిపే, తిప్పే సీఎస్‌ఎస్ గుణం) ఉంటే ఫిక్స్‌డ్ అనేది తెరను వదిలి ఆ ఎలిమెంట్‌ను పట్టుకుంటుంది. పేజీ మారేటప్పుడు మేం వాడే చిన్న స్లైడ్ యానిమేషన్ వల్ల ఇదీ తగిలింది, ఆ యానిమేషన్‌ను కిందికి దించాం. డామ్‌లో ప్లేయర్ చివర ఉండటంతో తెర చదివి వినిపించే టాక్‌బ్యాక్ వాడేవాళ్ళకు వీడియో అన్నిటికన్నా ఆఖరున వినబడేది. రూట్‌లో దాని వరస మార్చి కంటెంట్‌కి ముందు పెట్టాం.

పార్కింగ్ కోడ్ వృథా పోలేదు, పేజీలో చోటు మారే మిగతావాటికి పనికొచ్చింది. రఫ్ వర్క్ బోర్డు క్యాన్వాస్, దానికి పాత అపెండ్‌చైల్డే చాలు, ఎక్కడ పెట్టినా గీతలు ఉంటాయి. డౌట్స్ రాసే పెట్టె విషయం వేరు. పిల్లాడు సగం టైప్ చేసి ఫోన్ అడ్డంగా తిప్పితే ఆ పెట్టె పక్క ప్యానెల్‌లోకి మారుతుంది. రాసింది ఉంటుంది గానీ ఫోకస్ పోయి కీబోర్డు కిందికి దిగిపోయేది. అక్కడ మూవ్‌బిఫోర్ ఉంటే అది, లేనిచోట జరిపాక మనమే మళ్ళీ ఫోకస్ పెట్టడం. నోట్స్ ప్యానెల్‌కి స్క్రోల్ ఎక్కడుందో జరిపే ముందు రాసుకుని, జరిపాక తిరిగి పెడతాం. ఇవి కాస్త తప్పినా కొంప మునగదు, ఐఫ్రేమ్ లాంటివి కావు.

మొన్న ప్రోడక్ట్ వాళ్ళు మళ్ళీ వచ్చారు. వీడియోను బ్రౌజర్ బయట వేరే చిన్న కిటికీలో తేలేలా పెట్టొచ్చా అని. క్రోమ్‌లో డాక్యుమెంట్ పిక్చర్ ఇన్ పిక్చర్ ఉంది, ఏ ఎలిమెంట్‌నైనా ఆ కిటికీలోకి పంపొచ్చు. కానీ అది వేరే డాక్యుమెంట్. డాక్యుమెంట్ దాటితే మూవ్‌బిఫోర్ ఒప్పుకోదు, ఐఫ్రేమ్ రీలోడ్ తప్పదు. కిటికీ తెరిచిన ఆ ఒక్కసారి దాచిన సెకను నుంచి మొదలవుతుంది, స్పీడ్ మేమే మళ్ళీ పెడతాం, మధ్యలో ఒక క్షణం నల్ల తెర ఉంటుంది, ఒప్పుకుంటే చేస్తాం అని చెప్పాం. ఇంకా ఆలోచిస్తున్నారు.